లైటు వెలిగితే ఫోను పెట్టేసే ఖాలా

పక్కింటి ఖాలా పోయిందని ఆమె కూతురు ఫోన్ చేసినప్పుడు, నేను ఆత్మకూరు ఆఫీసులో ఇంటర్నెట్ వేగాల పట్టిక చూస్తున్నాను. "అన్నా, అమ్మ పొద్దున్నే పోయింది" అని, ఇంకేమీ చెప్పలేక పెట్టేసింది. ఆ పట్టికలో ఉదయగిరి అని ఉన్న చోట కనిపించేది ఖాలా ఇంటి లెక్కే.

ఖాలా అంటే పిన్ని, కానీ అది పిలుపుకే. ఆమె నాకు చుట్టం కాదు. ఉదయగిరిలో వాళ్లకూ మాకూ మధ్య ఒకటే గోడ. చెక్క గరిటెలు, స్పూన్లు చెక్కే ఇల్లు వాళ్లది. చిన్నప్పుడు బడి నుంచి రాగానే అక్కడ తినేసి, మా ఇంట్లో ఆకలి లేదని తిట్లు తినేవాణ్ని. ఈ ఒంట్లో సగం ఆమె పెట్టిన తిండే. చెక్క మీద గీత గీసేటప్పుడు ఆమె ఊపిరి కూడా బిగబట్టేది. మేం గోల చేస్తే, "కొలిచేటప్పుడు కదలగూడదురా. గీత తప్పితే కొయ్య మళ్లీ మొలవదు" అనేది.

అలాంటి మనిషి ఇంట్లో నేను కొలత పెట్టె పెట్టాను. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. దేశదేశాల్లో ఎందరో తమ ఇళ్లలో ఇలాంటివి ఉచితంగా పెట్టుకోనిస్తారు. ఈ ఊళ్లో ఇంటర్నెట్ ఎలా ఉందో తెలుసుకోవాలనుకునే వాళ్లెవరైనా, ఎక్కడినుంచైనా ఆ పెట్టెను అడగొచ్చు. అది కొలిచి చెబుతుంది. కొలిచేటప్పుడు ఆకుపచ్చ లైటు మినుకుమంటుంది.

"అది మినుకుమంటున్నప్పుడు లైను ఖాళీగా ఉంటే మంచిది ఖాలా" అన్నాను, వైరు బిగిస్తూ. చాయ్ తాగి బస్సెక్కేశాను.

ఆమె పెట్టెకు పూల గుడ్డతో ముసుగు కుట్టి, లైటు కనపడేలా చిల్లి పెట్టింది. ఎప్పుడు వెళ్లినా, "మనూరి లెక్క ఎట్టొస్తా ఉండాదిరా?" అని అడిగేది. "మీ ఇంటి లెక్కంత నికరమైంది ఇంకోటి లేదు ఖాలా" అంటే ముఖం చేటంత అయ్యేది.

అసలు సంగతి నాకు తర్వాత తెలిసింది. ఒక మనిషి ఫోన్‌లో మాట్లాడుకుంటే ఆ కొలతకు వచ్చే నష్టం ఏపాటిది? అసలు తప్పు పెట్టెలోనే ఉంది: నలుమూలల నుంచీ ఎందరో ఒకేసారి అడిగితే పెట్టెకే ఊపిరాడక, తన ఆలస్యాన్ని ఊరి లైను మీదికి నెట్టేది. అయినా అందరి నోళ్లూ మూయించి కొలిస్తే అది ఊరి లెక్క ఎలా అవుతుంది? నా పట్టిక నేను సరిదిద్దుకున్నాను. ఖాలాకు మాత్రం చెప్పలేదు. మెప్పు విని మురిసిపోతోంది కదా, ఎందుకులే అనుకున్నాను.

మూడో రోజు, పోయినవాళ్ల కోసం చదివే ఫాతెహాకు వెళ్లాను. ఆత్మకూరులో కాపురముండే కూతురు రోజూ సాయంత్రం తల్లికి వీడియో కాల్ చేసేదట.

"మాట మధ్యలో అమ్మ కళ్లు పక్కకు పొయ్యేవన్నా. 'పెట్టె కొలుస్తా ఉండాది, ఉంటా బిడ్డా' అని కట్ చేసేది. ఇంటికొచ్చిన ఆడోళ్లను గూడా సైగ జేసి ఊరుకోబెట్టేది. పొయ్యే ముందు రోజు, నీకో మాట చెప్పాల అనింది. అంతలోనే లైటెలిగింది. మళ్లా చేస్తాలే అనింది. చెయ్యలా."

ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. చాయ్ గ్లాసు పట్టుకుని తల దించుకున్నాను. "మాట్లాడుకో ఖాలా, ఏం కాదు" అని ఒక్కసారి అని ఉంటే సరిపోయేది. అన్నం పెట్టిన మనిషికి నేను ఆ మాట కూడా పెట్టలేకపోయాను.

లేచి వెళ్లి, పీకేద్దామని పెట్టె వైరు పట్టుకున్నాను. కూతురు వెనకే వచ్చింది.

"ఉండనీ అన్నా. ఇప్పుడింక ఈ ఇంట్లో మాట్లాడేవాళ్లు ఎవురుండారు? లెక్క బాగా వస్తాది."

ఈమెకైనా నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. అప్పుడే పూల గుడ్డ చిల్లిలో ఆకుపచ్చ లైటు మినుకుమంది. పరామర్శకు వచ్చి గోడవారగా కూర్చున్న ఆడవాళ్లు దాన్ని చూసి, ఒక్కొక్కరే మాటలు ఆపేశారు.