వచ్చే చవితి దాకా

మా పక్కింటి మామ పోయాడని వినాయక చవితికి వారం ముందు అత్త ఫోన్ చేసి చెప్పింది. ఉప్పల్‌లో తాను కాపలా ఉండే ఫంక్షన్ హాల్ గేటు దగ్గర, కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే వాలిపోయాడట. మాకు చుట్టమేమీ కాదు. నాచారంలో గోడకు గోడ ఆనిన ఇల్లు, అంతే. అయినా నాకింకా కాలూ చేయీ ఆడటం లేదు.

మా గల్లీలో గణేశుడి లడ్డూ వేలం మామే పాడించేవాడు. "ఒకటోసారి... రెండోసారి..." అని ఆగి, అక్కడున్న ప్రతి ముఖాన్నీ చూసేవాడు. పాడాలని ఉండి నోరు పెగలనివాడికి ఇంకో అవకాశం ఇవ్వాలట. ఏదైనా తేల్చేసే ముందు ఎదుటివాళ్ల ముఖం చూడటం నాకు ఆయన దగ్గరే అబ్బింది. పాడుకున్నవాడు లడ్డూను అప్పుడే ఇంటికి తీసుకెళతాడు, డబ్బు వచ్చే చవితికి కడతాడు. మా గల్లీలో ఎవరూ ఎగ్గొట్టలేదు.

మామ ఒక కంపెనీలో లేత్ మిషన్ నడిపే టర్నర్. కంపెనీ మూతపడ్డాక నెట్ సెంటర్‌లో కూర్చుని వెబ్‌సైట్ల పేర్లు కొనడం, వాటిని ఆన్‌లైన్ వేలంలో అమ్మడం నేర్చుకున్నాడు. చిన్నాచితకా పేర్లు అమ్ముడుపోయేవి. హైదరాబాద్ ఫంక్షన్ హాళ్ల మీద కొన్న వెబ్‌సైట్ పేరు మాత్రం ఏళ్ల పాటు పట్టుకుని కూర్చున్నాడు. అది అమ్మి సొంత లేత్ మిషన్ పెట్టాలని షెడ్డు కూడా అద్దెకు మాట్లాడాడు.

చివరికి అది మంచి ధరే పలికింది. వేలం గడువు ముగుస్తుంటే కంప్యూటర్ తెర ముందు కూడా "రెండోసారి" అని ఆగాడు. గడియారం ఆగలేదు. నెట్ సెంటరంతా నవ్వింది. పాడుకున్నవాడు ఫోన్ చేసి, "అన్నా, జర టైమియ్యి" అన్నాడు. మామ వచ్చే చవితి దాకా గడువిచ్చాడు. డబ్బు చేతికందేదాకా వెబ్‌సైట్ పేరు అతనికి మార్చివ్వొద్దని నేను మొత్తుకున్నాను.

"లడ్డూ తీస్కపోయినోడు ఎన్నడన్న పైసలియ్యకుంట పోయిండా? పాడినోని చేతిల పెట్టాలె, గంతే" అన్నాడు.

ఆ రోజే పెట్టేశాడు. ఆ తర్వాత పాడుకున్నవాడు ఫోన్ ఎత్తలేదు. పేరు చేతులు మారాక మేమేం చేయలేమని వేలం నడిపినవాళ్లు తేల్చేశారు. షెడ్డు పోయింది. మామ ఉప్పల్‌లో కాపలాకు కుదిరాడు.

"గల్లీ గుణం దునియాకుంటదా? నెత్తీనోరు కొట్టుకున్న, ఇన్నడా?" అని అత్త ఏళ్ల తరబడి తిట్టింది. ఆమె తప్పేం లేదు, నాకూ కోపమే. ఒకసారి, మామ అమ్మిన ఆ వెబ్‌సైట్‌లో చూసే ఈ హాలు మాట్లాడుకున్నామని పెళ్లివాళ్లెవరో గేటు దగ్గర మామతో చెప్పారట. "సూసినవా, మన పేరు మస్తు నడుస్తుంది" అని మామ సంబరపడిపోయాడు. అప్పుడు నాకు ఒళ్లు మండింది. ఇప్పుడు తలుచుకుంటే ఏడుపొస్తోంది.

ప్రతి చవితికీ పొద్దున్నే ఫోన్‌కు నిండా చార్జింగ్ పెట్టుకునేవాడు. "పాపం, ఆ పాడుకున్నాయన చేస్తడేమో. మనది బంద్ ఉంటే ఎట్ల?" అనేవాడు.

ఈ చవితికి వాళ్లింట్లో పూజ లేదు. చూసిరావడానికి వెళ్లాను. మామ ఫోన్ గోడకు వేలాడుతూ చార్జవుతోంది. ఎదురుగా అత్త నేల మీద కూర్చుని ఉంది.

"ఏందత్తా ఇది?"

"ఏమో బిడ్డా. చవితి గద" అంది, దాని మీది నుంచి చూపు తిప్పకుండానే.