మూసిన వరుస కింద మెయిల్

ఆ అమ్మాయి మెయిల్ పంపింది. మా పాత ఆఫీసువాళ్లు నలుగురు కలిసినప్పుడల్లా ఆమె పంపలేదనే ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ మాట పుట్టింది నా నోట్లోనే కాబట్టి, కాదని రాయవలసిందీ నేనే.

హైదరాబాద్‌లో వీధికో సాఫ్ట్‌వేర్ కంపెనీ వెలుస్తున్న రోజులు. వాటిలో ఒక చిన్న కంపెనీ, అద్దె తక్కువని కర్ణాటకలోని బీదర్ అంచున చిద్రిలో ఓ ఇంటి మేడమీద రెండు గదులు తీసుకుంది. ప్రైవేటు బస్సులకు సీట్లు బుక్ చేసే ప్రోగ్రాం మాది. జహీరాబాద్ నుంచి వచ్చిన నేను దాని లోపాలు సరిచేసేవాణ్ణి. ఆమెది అదే జిల్లాలోని దుబల్గుండి, ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ. బస్టాండు దగ్గర టికెట్ కౌంటర్‌లో కూర్చుని, ప్రోగ్రాం ఎక్కడ తప్పుతోందో చూసి నాకు మెయిల్ చేయడం ఆమె పని. ఇంకా పర్మనెంట్ కాలేదు.

లోపాలు రాసిపెట్టుకోవడానికి వేరే సైటు పెట్టుకుంటే మా ఫోన్ లైన్ మీద అది తెరుచుకునేది కాదు. అందుకని అంతా మెయిల్ చదివే ప్రోగ్రాంలోనే నడిపేవాళ్లం. ఒక్కో ఫిర్యాదు ఒక్కో మెయిల్. దానికి వచ్చిన జవాబులన్నీ దాని కిందే వరుసగా చేరేవి.

మొదటి రోజే ఆమెకు నేర్పాను.

"కొత్త మెయిల్ తెరవకు చెల్లె. అడ్రసు తాడంత పొడుగున్నది. ఒక్క అక్షరం తప్పితే ఎటో పోతది. నాది ఏదన్న పాత మెయిల్ పట్టుకొని దానికే జవాబు కొట్టు."

"పాత కవర్ల కొత్త చీటీ పెట్టినట్టా అన్నా?"

"గంతే."

"ఇంత పెద్ద చదువు చదివి గిదా మీ తెలివి!" అని నవ్వింది.

కొన్నాళ్లకు నేనే ఇంకో ఏర్పాటు చేశాను. పని అయిన ఫిర్యాదుకు 'పూర్తి' అని గుర్తు పెడితే, ఆ వరుసంతా మడుచుకుని తెర మీద కనిపించకుండా పోతుంది. సాయంత్రానికి తెర ఖాళీ అయితే ప్రాణానికి హాయిగా ఉండేది. ఈ సంగతి ఆమెకు చెప్పాలని తోచలేదు.

దసరా రద్దీలో గొడవైంది. ఒకరు రద్దు చేసుకున్న సీటు ప్రోగ్రాం ఇద్దరికి ఇచ్చేసింది. ఒక్క బస్సులోనే చాలా సీట్లకు ఇద్దరేసి. జనం డ్రైవర్ మీదికి పోయారు. ట్రావెల్స్ యజమాని మా ప్రోగ్రాం తీసేస్తానన్నాడు. హైదరాబాద్ నుంచి మేనేజర్ ఫోన్ చేశాడు.

"రేపొస్తున్న. ఆ పిల్ల కౌంటర్ల కూసొని ఏం చూస్తుందో తేలాలె."

నేను ఆమెకు ఫోన్ చేశాను.

"మొన్ననే పంపిన గద అన్నా!" అంది.

తెర మీద ఏమీ లేదు. లేదనే ఆమెకు చెప్పాను. ఆ మధ్యాహ్నం మరేదో వెతుకుతూ మూసేసిన పాత వరుసొకటి విప్పితే, అట్టడుగున ఆమె మెయిల్. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: 'అన్నా, రద్దయిన సీటు ఇద్దరికి పోతున్నది. పండుగ ముందల జర చూడు.' నేను నేర్పినట్టే పాత మెయిల్‌కు జవాబు కొట్టింది. నేను మడిచిన మడతలోనే అది పడిపోయింది.

నన్ను హైదరాబాద్ ఆఫీసుకు తీసుకుంటానని మేనేజర్ అప్పటికే మాట ఇచ్చాడు. అమీర్‌పేటలో ఇల్లు చూడమని మా ఆవిడ తన తమ్ముడికి చెప్పేసింది కూడా. పొద్దున సార్ రాగానే చెప్పేద్దాం అనుకున్నాను. ఆయన టీ తాగాక చెప్దాం అనుకున్నాను. ఈలోగా ఆమె మెట్లెక్కి వస్తున్న చప్పుడు వినిపించింది.

"ఏమ్మా, పంపినవా లేదా?" అన్నాడు మేనేజర్.

"పంపిన సార్."

"ఏదీ, చూపియ్."

కౌంటర్ కంప్యూటర్‌లో చోటు తక్కువని, పంపిన మెయిళ్ల నకళ్లు ఉంచేవాళ్లం కాదు. ఆమె నా వైపు తిరిగింది.

"అన్నా, నువ్వన్న చెప్పు. నీకు వచ్చే ఉంటది."

మౌస్ నా చేతి కిందే ఉంది. ఆ వరుస విప్పడానికి ఒక్క నొక్కు చాలు.

"నాకైతే రాలేదు సార్" అన్నాను.

ఆమెను తీసేశారు. కౌంటర్ తాళంచెవి ఇవ్వడానికి మేడమీదికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిడితే ఏమనాలో కూడా సిద్ధం చేసుకున్నాను.

"శాన యాది చేసుకున్న అన్నా" అంది. "రాసినట్టే ఉన్నది. పంపుడే మర్చిపోయిన్నేమో. నా వల్ల నీకు గూడ మాటొచ్చింది. ఏమనుకోకు."

తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. నేను హైదరాబాద్ వెళ్లాను. ఈనాటికీ ఏ ఆఫీసులో కూర్చున్నా, పొద్దున్నే మూసిన వరుసలన్నీ ఒకసారి విప్పి చూడనిదే పని మొదలుపెట్టలేను.

ఆమె చిట్గుప్పలో ఉందని విన్నాను. ఇది ఆమె దాకా చేరుతుందో లేదో తెలియదు.

నువ్వు మర్చిపోలేదు చెల్లె. రాసినవ్, పంపినవ్. నాకు అందింది. చదివిన.