కాలవ మొదట్లో కడిగిన కాళ్ళు

1946లో నేను పుత్తూరు ఫిర్కాకు, అంటే ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ, అగ్రికల్చరల్ డెమాన్‌స్ట్రేటరుగా ఉండేవాణ్ణి. పేరు పెద్దదే గానీ, పనల్లా సైకిలెక్కి ఊరూరా తిరిగి రైతులకు విత్తనాల గురించీ మందుల గురించీ చెప్పడం. చెప్పింది ఎవరైనా వింటే ఆ పూట నాకు పండగే. ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ తడి మట్టీ తమలపాకూ కలిసిన వాసన ముక్కుకు తగులుతుంది.

ఒకనాడు మునిరత్నం అనే రైతు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. అవిసె చెట్లకు తమలపాకు తీగలు పాకించి పెంచే ఆకుతోట అతనిది. నీళ్ళు పారుతున్నా తీగలు వాడిపోతున్నాయట. అంతకుముందే అతని తమ్ముడు చెంగల్రాయుడి తోట ఇట్లాగే పూర్తిగా పోయింది. రెండు సంసారాలకూ ఇక మిగిలింది ఈ ఒక్క తోటే.

వెళ్ళి చూశాను. వాడిన తీగ పట్టుకుంటే చేతికి ఊడి వచ్చింది. మొదలు నల్లగా కుళ్ళి కంపు కొడుతోంది. మా పుస్తకాల్లో దీన్ని విల్ట్ అంటారు, అంటే వడలు తెగులు. మట్టిలోని బూజు వేరును తినేస్తే పైకి నీళ్ళందక ఆకు వేలాడిపోతుంది.

అన్నదమ్ముల తోటలు పక్కపక్కన లేవు, బావులూ వేరు. మరి తెగులు ఎట్లా వచ్చింది? ఊళ్ళో దిష్టి అన్నారు. నాకు మాత్రం ఒక సంగతి కొరుకుడు పడలేదు. చచ్చిన తీగలన్నీ నీటికాలవ మొదట్లోనే ఉన్నాయి.

మర్నాడు పొద్దున్నే పోయి గట్టు మీద కూర్చున్నాను. అన్నదమ్ములిద్దరూ తమ్ముడి తోటలో ఎండిన తీగలు పీకి, మోకాళ్ళ దాకా బురదతో వచ్చారు. ఆకుతోటను అక్కడివాళ్ళు లక్ష్మిగా చూస్తారు. కాళ్ళు కడగనిదే లోపల అడుగు పెట్టరు. ఇద్దరూ కాలవలో దిగి భక్తిగా కాళ్ళు కడుక్కున్నారు. ఆ నీళ్ళు నేరుగా తీగల మొదళ్ళకు పోయాయి. తెగులు మట్టి ఆ నీళ్ళతోనే లోపలికి చేరుతోంది.

సంగతి మునిరత్నానికి చెప్పాను. "కాళ్ళు కడక్కుండా పోతే లచ్చిమి నిలస్తాదా సామీ?" అన్నాడు. కంచె బయట, కాలవకు దూరంగా కడవ పెట్టుకుని కడుక్కోమన్నాను. దానికి ఒప్పుకున్నాడు. కష్టమైన మాట ఇంకొకటి ఉంది. ఆ తోటలో దిగినవాళ్ళు ఈ తోటలో దిగకూడదు. కాళ్ళు కడిగినా గోళ్ళ సందున, గంపకు, కొడవలికి ఆ మట్టి అంటుకునే ఉంటుంది.

"వాడి తోట పోయినాక వాడికుండేది ఇదే సామీ. వాణ్ణి రావద్దని నా నోటితో యెట్ల చెప్పేది?" అన్నాడు మునిరత్నం.

పక్కనే ఉన్న చెంగల్రాయుడు తల ఎత్తకుండానే జవాబిచ్చాడు. "నువ్వు చెప్పేదేందిన్నా. నా తోట పని నేనొక్కణ్ణే సూసుకుంటా. ఈడ అడుగు పెట్టను. ఇదన్నా ఉండనీ."

వాడిన తీగలతోపాటు వాటి చుట్టూ బాగున్నవాటినీ పీకి తగలబెట్టించాను. మైలుతుత్తం, సున్నం నీళ్ళలో కలిపి చేసే బోర్డో మిక్స్‌చర్‌ను మిగిలిన మొదళ్ళలో పోయించాను. మైలుతుత్తం ఎక్కువైతే తీగ మాడుతుంది. అందుకని మెరిసే చాకు ముంచి చూసి, దానిమీద రాగి రంగు పట్టడం మానేదాకా సున్నం కలిపేవాళ్ళం. తడికి తెగులు మళ్ళీ లేస్తుందేమోనని వాన పడినప్పుడల్లా నాకు భయమే.

చెంగల్రాయుడు మాట తప్పలేదు. సాయంత్రాలు కంచె బయట కూర్చునేవాడు. అన్న గంపలు తెచ్చి అక్కడ దించితే ఆకు కట్టలు కట్టేవాడు. లోపల తీగలెట్లా ఉన్నాయని అడిగేవాడు కాదు, చేతికొచ్చిన ఆకును తిప్పి తిప్పి చూసేవాడు.

తెగులు ఆగింది. మరుసటి ఏడు మునిరత్నం తమ్ముడికి వేరే నేల చూసి, నాటడానికి తీగముక్కలు కోసుకోమని లోపలికి పిలిచాడు. ఇక రావచ్చని నేనూ చెప్పాను. చెంగల్రాయుడు కాళ్ళు కడుక్కున్నాడు. మళ్ళీ కడుక్కున్నాడు. అయినా అడుగు ముందుకు పడలేదు. "ఇంగోసారి సూడు సామీ" అని నా ముందు పాదం ఎత్తి చూపించాడు. అన్నే వచ్చి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయాడు.

తర్వాత చాలా తెగుళ్ళు చూశాను. మందు చెప్పేముందు ఆ తోటలోకి ఆప్యాయంగా వచ్చిపోయేవాళ్ళు ఎవరని అడగడం ఆ అన్నదమ్ముల దగ్గరే నేర్చుకున్నాను. వాళ్ళను ఆపమని చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం, సర్వీసు ముగిసేదాకా నా గొంతు ఎన్నడూ గట్టిగా రాలేదు.