సారు బోర్డు మీద నేను రాసిన మాట

సారు పోయారన్న వార్త నాకు పసుపు యార్డులోనే తెలిసింది. వేలం మొదలవబోతుంటే హమాలీ మేస్త్రి వచ్చి, "బోర్డు సారు పోయిండట, తెల్లారంగ" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు అయ్యో అన్నారు.

ఆయన రిటైరైన బడిపంతులు. అసెంబ్లీ నడిచే రోజుల్లో పొద్దున్నే పేపరు చదివి, అక్కడ ఏం తీర్మానించారో ఆర్మూరు యార్డు గోడకున్న నల్లబోర్డు మీద రాసేవారు. ప్రతి సంగతికీ మూడు వరుసలు: ఏం చేశారు, ఎప్పటినుంచి, ఎవరికి. చదువు రానివాళ్లకు తానే చదివి చెప్పేవారు. పేపర్లో వార్తను కింది నుంచి చదవడం ఆయన అలవాటు. "పెద్దక్షరాలు అందరు చూస్తరు. మనకు తగిలే మాట ఆఖరి లైన్ల ఉంటది" అనేవారు.

నేనప్పుడు కరపత్రాలు చదివి లోకమంతా అర్థమైందనుకున్నవాణ్ని. నన్ను చూడగానే, "ఏం లీడరూ, ఇయ్యాల ఏ సర్కారును పడగొట్టినవ్?" అని నవ్వేవారు. "మీరు రాసుకుంట కూసోండ్రి సార్, పడగొట్టేది మేమే" అనేవాణ్ని.

తండ్రి ఆస్తిలో ఆడపిల్లలకు సమాన వాటా అని చట్టమైన వార్త వచ్చిన రోజు సారు బోర్డు ఖాళీగానే ఉంచారు. "ఎవరికి అన్నది సాఫ్‌గ లేదు. నిజామాబాద్ పోయి వకీలును అడిగొస్త. అందాక ఆగు" అన్నారు.

"మీరు అన్నదమ్ముల దిక్కు సార్! గందుకే ఆగమంటున్నరు" అని అరిచాను. ఆయన బస్సెక్కాక సుద్దముక్క తీసుకుని, ఆయన దస్తూరీలోనే రాశాను: ఆడబిడ్డలందరికీ సమాన వాటా, ఈ రోజు నుంచే.

యార్డులో పసుపు చెరిగే అక్క ఒకామె ఆ మాట ఎవరితోనో చదివించుకుంది. చేట కింద పెట్టి నేరుగా పుట్టింటికి, ఏర్గట్లకు వెళ్లింది. నలుగురిలో తమ్ముళ్లను వాటా అడిగింది. సారు మధ్యాహ్నం తిరిగొచ్చి బోర్డు తుడిచారు. చట్టం రాకముందే పెళ్లయిన ఆడపిల్లలకు అది వర్తించదట. ఆమెకు పెళ్లయి పదేళ్లు.

మర్నాడు సారు ఏర్గట్లకు వెళ్లారు. వెనక నేనూ వెళ్లాను. "మీ అక్క తప్పేం లేదు. బోర్డు మీద తప్పు పడ్డది. బోర్డు నాది" అన్నారు తమ్ముళ్లతో. నా వైపు చూడనైనా లేదు. "మీరు చెప్తున్నరని ఊకుంటున్నం సారూ" అన్నాడు పెద్ద తమ్ముడు. వాళ్లు అక్కను తిట్టడం ఆపారు. కానీ పుట్టింటివాళ్లు పెట్టే ఒడిబియ్యానికి ఆమెను మళ్లీ పిలవలేదు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో, "నేనే రాసినని చెప్త సార్" అన్నాను.

"చెప్పు. నువ్వు ఎప్పుడు చెప్తె అప్పుడే. నేనైతె చెప్ప."

చెప్పలేదు. తెలిస్తే మీటింగుల్లో నా మాట ఎవరు వింటారని భయం. ఆ తర్వాత బోర్డు ముందు హమాలీలు "పక్కానా సారూ?" అని నవ్వేవారు. "పక్కానే" అని ఆయన రాసుకుంటూ పోయేవారు. నేనూ ఆ నవ్వే గుంపులోనే నిలబడ్డాను. ఆరేళ్లు.

సారు దినాలయ్యాక, యార్డులో పసుపు చెరుగుతున్న ఆ అక్క దగ్గరకు వెళ్లి, ఆ రోజు రాసింది నేనని చెప్పాను. కొడుతుందేమో అనుకున్నాను. కొడితే బాగుండేది.

"సారుకు ఎరుకేనా?" అంది.

"ఎరుకే అక్కా."

"మరి నాకెందుకు చెప్పలే తమ్మీ? ఆరేండ్ల సంది ఆయన నమస్తే అంటుంటె నేను మొఖం తిప్పుకొని పోయిన."

ఆమె చేట పక్కన పెట్టి లేచింది. చేతులకు పసుపుతోనే సారు ఇంటి వైపు నడిచింది. ఇంటికి తాళం వేసి ఉంది. అయినా ఆమె చెప్పులు విప్పి, కొంగు తలమీదికి లాక్కుని, ఆ మూసిన తలుపుకు చేతులు జోడించి చాలాసేపు నిలబడింది.