సమ్మయ్య వాళ్లమ్మకు చెప్పిన నిజం

నౌకాదళంలో నాతో పనిచేసిన సమ్మయ్య తుపానులో డెక్ మీద నుంచి సముద్రంలో పడిపోయాడు. ఆ డ్యూటీ అతనిదేనని ఇరవయ్యేళ్లుగా అందరికీ చెప్పాను. అది అబద్ధం. నిజం చెప్పడానికే మొన్న వేసవిలో విశాఖ నుంచి వచ్చి, కాజీపేటలో రైలు దిగి, రఘునాథపల్లిలో వాళ్లింటికి వెళ్లాను.

శవం దొరకలేదు కాబట్టి వాళ్లమ్మ అతని ఫొటోకు ఇప్పటికీ దండ వేయనివ్వలేదు. నన్నెన్నడూ చూడని ఆమె, నేను పేరు చెప్పగానే అడిగింది: "జొరం తగ్గిందా బిడ్డా?"

తుపాను రోజు డ్యూటీ నాది. అలలకు భయపడి, జ్వరమని పడుకుని, అతన్ని పంపాను. ఆ మాట చెప్పింది సమ్మయ్యొక్కడికే.

"మీకెవరు చెప్పారమ్మా?"

"ఇంకెవలు? మావోడే. రోజు పగటీలి వస్తాండు, ఒళ్లంత నీళ్లే. ఇల్లంత తడి జేస్తవురా అని గోనెసంచి పరిచిన. ఆడనే నిలబడతడు."

ఎండకు వాకిలి నెర్రెలిచ్చి ఉంది. గుమ్మంలో గోనెసంచి మాత్రం నీళ్లతో ముద్దగా ఉంది.

"నాకు జ్వరం రాలేదమ్మా. భయపడ్డాను," అన్నాను.

ఆమె నా వైపు చూడలేదు. గుమ్మం వైపు తిరిగి, మెల్లగా అంది:

"ఇన్నవారా కొడుకా? ఈయనకు జొరమే లేకుండెనట."