శనివారం మాత్ర

మొన్న మా చెల్లె మనవరాలికి ఉట్నూరు వైపు నర్సు ఉద్యోగం వచ్చిందని అందరూ మిఠాయిలు పంచుకుంటుంటే, నేను మాత్రం దోమతెర కొన్నారా అని అడిగి నవ్వులపాలయ్యాను. నవ్వనివ్వండి. ఆ అడవి దోమ సంగతి మన వయసు వాళ్లకు ఒకరు చెప్పాలా?

డెబ్బైల మొదట్లో నాకు ఆదిలాబాద్ అడవిలో పంతులు కొలువు దొరికినప్పుడు, పెళ్లికాని నాకు వండిపెట్టడానికని బాపు చెల్లెను వెంట పంపాడు. కరీంనగర్‌లో డాక్టరు, మలేరియా రాకుండా వారానికోసారి కడుపునిండా తిన్నాక క్లోరోక్విన్ మింగమన్నారు. నేను శనివారం ఖాయం చేశాను. క్రమశిక్షణ పిచ్చి నాకు. ఆ రోజు దాటితే మందు దండుగేనని బెదిరించి, పొద్దున్నే మాత్ర చెల్లె చేతిలో పెట్టి, వేసుకున్నావా అని బడికి పోతూ గదమాయించేవాణ్ణి. పాపం, తల ఊపేది.

వానాకాలంలో చెల్లెకు చలిజ్వరం పట్టుకుంది. మూడోనాటికి నన్ను గుర్తుపట్టలేదు. ఎడ్లబండిలో పడుకోబెట్టి ఉట్నూరు ఆస్పత్రికి బయలుదేరితే, దారిలో వాగు నిండుగా పారుతోంది. దాటిద్దామని నేను తొందరపెడితే బండి తోలే తాత కదల్లేదు.

"జర ఆగు సారూ. నీళ్లు గుంజుతున్నయ్, ఎడ్లు నిలువయ్."

ఒళ్లు కాలిపోతున్న చెల్లె పక్కన, నీళ్లెప్పుడు తగ్గుతాయా అని గట్టు పక్కన సగం మునిగిన రాయినే చూస్తూ కూర్చున్నాను. "అన్నా, బడికి యాళ్లయితుంది, తిని పో" అని అది కలవరించింది. నుదుటికి తడిగుడ్డ వేద్దామని దాని సంచి వెతికితే, నేను నిర్మల్‌లో కొనిచ్చిన కొయ్య కుంకుమ భరిణె దొరికింది. అందులో తొమ్మిది మాత్రలు, తొమ్మిది శనివారాలవి. బాపుకు ఏం ముఖం చూపించాలో తెలియలేదు.

మధ్యాహ్నం దాటాక వాగు తగ్గింది. ఆస్పత్రిలో భరిణె డాక్టరు ముందు పెట్టి ఉన్నమాట చెప్పాను. క్వినైన్ సెలైన్‌లో ఎక్కించారు. రెండు రోజుల తర్వాత కళ్లు తెరిచిన చెల్లె మీద, చచ్చి బతికిన దాని మీద, బుద్ధి లేక కోప్పడ్డాను.

"నువ్వు అడవిల సల్లంగుండాల్నని ధర్మపురి నర్సింహస్వామికి మొక్కుకున్ననే అన్నా. శనారం శనారం ఉపాసముంటిని. ఉత్త కడుపుల మింగితే కక్కొస్తుండె. తెల్లారి ఐతారం నాడు మింగితే పని చెయ్యదంటివి కద."



ఇప్పుడా వాగు మీద వంతెన ఉంది. రక్తం చుక్క తీస్తే నిమిషాల్లో జ్వరం సంగతి తేలుతుందని మనవరాలు చెబుతుంది. ఆ పిల్ల ఫోన్ చేసినప్పుడల్లా మందులూ దోమతెరా తర్వాతి సంగతి, ముందు తిన్నావా బిడ్డా అని అడుగుతాను. అన్ని శనివారాలు ఒకే ఇంట్లో, అది వడ్డించిన అన్నం తింటూ, ఆ మాట చెల్లెను ఒక్కనాడూ అడగలేదు.