స్నేహితుడి కాగితం మీద నా టిక్కులు

డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్ల ఇళ్లలో నేనొక కథ చాలా ఏళ్లు చెప్పాను. మనసుల్ని బాగుచేస్తామనే ఒక సంస్థలో నా స్నేహితుడు ఇరుక్కుపోతే, నేను ఒంటరిగా వాళ్ల భవనంలోకి దూసుకెళ్లి, గుమ్మం దగ్గర ఆరడుగుల మనుషులిద్దర్ని చెరో పక్కకీ తోసి, హాల్లో అందరి ముందూ ఇంగ్లీషులో పది నిమిషాలపాటు కడిగేసి వచ్చానన్నది ఆ కథ. మొదట్లో గుమ్మం దగ్గర ఒక్కడే ఉండేవాడు. ఇర్వింగ్‌లో ఎవరిదో పెళ్లిరోజు విందులో పులిహోర బాగా కుదిరిందన్న ఉత్సాహంలో రెండోవాణ్ని కూడా నిలబెట్టాను.

నిజానికి గుమ్మం దగ్గర ఎవరూ లేరు. నేను లోపలికి వెళ్లనూ లేదు.

ఆ సంస్థ పేరు రాయను. అది మతమన్నవాళ్లున్నారు, సైన్సన్నవాళ్లున్నారు, పచ్చి మోసమన్నవాళ్లున్నారు. మేం మాత్రం దాన్ని పరీక్ష అనుకున్నాం. మా తప్పంతా అక్కడే ఉంది.

1980 ఎండాకాలం. వాడూ నేనూ ఒకే ఇంజనీరింగ్ కాలేజీలో చదివి, టెక్సస్‌లో ఒకే కంపెనీలో చేరాం. వాడు యూనివర్సిటీ ఫస్టు, గోల్డ్ మెడల్. నేను చచ్చీచెడీ సెకండ్ క్లాస్. వాడికి అంతకు ముందు ఏడే పెళ్లయింది. ఆ అమ్మాయి గుంటూరులో డాక్టరీ చదివి వచ్చి, ఇక్కడి లైసెన్సు పరీక్షలకు తయారవుతోంది. నన్ను అన్నయ్యగారూ అనేది. పెళ్లికాని వాణ్ని కాబట్టి శనాదివారాలు నా భోజనం వాళ్లింట్లోనే.

ఒక శనివారం మధ్యాహ్నం డౌన్‌టౌన్‌లో నడుస్తుంటే, పేవ్‌మెంట్ మీద ఒక అమ్మాయి మా చేతుల్లో కాగితాలు పెట్టింది. మీ వ్యక్తిత్వాన్ని ఉచితంగా పరీక్షించుకోండి, రెండు వందల ప్రశ్నలు. ఎండకు తారు మెత్తబడి చెప్పులకు అంటుకుంటోంది.

"లోపల ఏసీ ఉంటుంది రా గురూ," అని వాణ్ని లాక్కెళ్లింది నేనే.

పెన్సిళ్లిచ్చి పక్కపక్కన కూర్చోబెట్టారు. ప్రతి ప్రశ్నకూ అవును, కాదు, చెప్పలేను అని మూడు గడులు. వాడు వాచీ విప్పి బల్ల మీద పెట్టుకున్నాడు. "నెగటివ్ మార్కులున్నాయా?" అని అడిగాడు. కాగితాలిచ్చిన అమ్మాయికి అర్థం కాలేదు, నవ్వింది. వాడు నా చెవిలో, "ఉంటాయిరా, చెప్పరు," అన్నాడు.

సగంలో వాడికి పార్కింగ్ మీటర్ గుర్తొచ్చింది. కాగితం నా వైపు జరిపాడు. "పైసలు వేసొస్తా. ఈ పేజీ నువ్వు కొట్టెయ్. ఏదీ ఖాళీగా వదలొద్దు. మంచి ఆన్సర్లు పెట్టు."

హాస్టల్లో రికార్డులు ఒకరివి ఒకరం రాసుకున్నవాళ్లం. మాకది తప్పనిపించలేదు.

నేను మంచి ఆన్సర్లన్నీ నా కాగితం మీద పెట్టుకున్నాను. జనం మీ వెనక నవ్వుకుంటున్నారని అనిపిస్తుందా? వాడికి అవును. మొదలుపెట్టిన పని మధ్యలో వదిలేస్తారా? అవును. మీ వల్ల ఎవరికైనా మేలు జరిగిందా? కాదు. నవ్వు ఆపుకుంటూ పేజీ అంతా నింపాను.

టై కట్టుకున్న ఒకాయన మా ఇద్దరి జవాబులకూ గీతలు గీసి తెచ్చాడు. నా గీత పైన హాయిగా సాగిపోయింది. వాడిది మొదట్లోనే కింద పడి, మళ్లీ లేవలేదు. ఆయన నన్ను వదిలేసి వాడి వైపు వంగి, చాలా మెల్లగా, జాలిగా మాట్లాడాడు.

వాడు అడిగింది ఒక్కటే. "ఇంప్రూవ్‌మెంట్ రాయొచ్చా?"

దానికి ముందు ఒక కోర్సు చేయాలట.

ఇంటికి కారు నేనే డ్రైవ్ చేశాను. వాడు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. అప్పుడు చెబితే సరిపోయేది, ఇద్దరం కారాపుకుని నవ్వేవాళ్లం. కానీ జన్మలో మొదటిసారి వాడికంటే నాకెక్కువ మార్కులు వచ్చాయి. ఒక్క వారం అనుభవించి చెబుదామనుకున్నాను.

వారంలో వాడు కోర్సులో చేరాడు. చేరాక చెబితే మొహం మీద కొడతాడేమోనని వాయిదా వేశాను. ఆర్నెల్లు గడిచాక, చెప్పినా ప్రయోజనం లేదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆఫీస్ అయిపోగానే అక్కడికి వెళ్లేవాడు. గదిలో ఒకరు అడుగుతుంటే, పుట్టిన దగ్గర్నుంచీ చేసిన తప్పులన్నీ చెప్పాలి. వాళ్లు రాసుకుంటారు. రెండో ఏడు ఉద్యోగం మానేశాడు. మూడో ఏడు అక్కడే ఉండిపోయాడు. వాడి భార్య ఒక్కతే పుస్తకాలు ముందేసుకుని ఆ అపార్ట్‌మెంట్‌లో.

ఆదివారాలు తెలుగువాళ్లందరం తలో గిన్నె వండుకుని కలిసినప్పుడు దీనిమీద చర్చ జరిగేది.

"మన దగ్గర స్వాములు లేరా? ఇదీ అంతే. మోజు తీరాక వస్తాడు," అన్నాడొక గుండె డాక్టరు.

"ఊరుకోండి సార్, మొన్నామధ్య ఎవడో గురువు మాట విని అడవిలో వందలమంది ఒక్కసారి విషం తాగి పోలేదూ? ఇవన్నీ ఒక తానులో ముక్కలే."

"వాళ్లు కోర్టులకు లాగుతారట. మన గ్రీన్ కార్డులేమవుతాయో చూసుకోండి ముందు."

"ఆ అమ్మాయి పుస్తకాలు పట్టుకుని కూర్చుంటే మగాడికి విసుగు రాదా ఏంటి?" అందొక పెద్దావిడ, పెరుగన్నం వడ్డించుకుంటూ. ఆ అమ్మాయి అక్కడే, నాలుగడుగుల దూరంలో ప్లేట్లు తీస్తోంది.

ఆ రోజు తను నన్ను బయటికి పిలిచింది.

"నార్త్ కరోలినాలో ఒక ఆసుపత్రిలో రెసిడెన్సీ ట్రైనింగ్ వచ్చింది అన్నయ్యగారూ. నెలాఖరులోగా చెప్పాలి. ఆయన వస్తానంటే ఇక్కడే ఉండిపోతాను. మీ మాటంటే ఆయనకి గురి. ఒక్కసారి వెళ్లి అడగండి."

మర్నాడు మధ్యాహ్నం వెళ్లాను. ఫోన్ చేసి వాణ్ని పార్కింగ్ లాట్‌లోకి రమ్మన్నాను. తెల్ల చొక్కా, నేవీ బ్లూ ప్యాంటు, బాగా చిక్కాడు. నన్ను చూసి నిజంగానే సంతోషించాడు.

"ఏరా, ఇక్కడ నిలబడ్డావేం? లోపలికి రా, కాఫీ తాగుదువుగాని."

"రాను. ఒక మాట చెప్పి పోతా. ఆ రోజు టెస్టులో నువ్వు నాకిచ్చిన పేజీ ఉంది చూడు, అందులో కావాలనే చెత్త ఆన్సర్లు పెట్టాను. సరదాకిరా."

"ఎన్ని?"

"ఏదో, పదీ పన్నెండు."

అక్కడ కూడా తగ్గించే చెప్పాను. మొత్తం యాభై.

వాడు చాలాసేపు నా కారు బానెట్ మీద వేలితో గీతలు గీశాడు. "నువ్వు మంచివే పెట్టుంటావనుకున్నా. నీ పేజీ బాగుండి కూడా గీత అంత కిందికి పోయిందంటే, మిగతావాటిలో నేనెంత కుళ్లిపోయి ఉన్నానో అనుకున్నానురా."

"అందుకే చెప్తున్నా. ఆ గీత నీది కాదు. ఇంటికి పోదాం పద."

"మా చెల్లి చిన్నప్పుడు జ్వరంతో పోయింది తెలుసుగా? అది నావల్లేనని తేలింది."

"నీకప్పుడు మూడేళ్లురా!"

"తేలింది," అన్నాడు. "ఇలాంటివి ఎన్నో తేలాయి. మూడేళ్లు కూర్చుని ఒక్కోటీ తవ్వి తీశాను. ఇప్పుడు నువ్వొచ్చి పేపరే తప్పంటే, ఇవన్నీ ఎక్కడ పెట్టుకోను?"

కోపంగా అడిగి ఉంటే ఏదో ఒకటి అనేవాణ్ని. నిజంగా నా దగ్గర జవాబు ఉంటుందేమోనని అడిగాడు. నేను కారు తాళాలు చూసుకుంటూ నిలబడ్డాను. వాడే నా భుజం తట్టి లోపలికి వెళ్లిపోయాడు. వెంట వెళ్లలేదు. కార్‌లో ఏసీ వేసుకుని గంటసేపు కూర్చుని వచ్చేశాను.

తొమ్మిదో రోజున నాకూ, ఆ అమ్మాయికీ వేర్వేరు ఉత్తరాలొచ్చాయి, వాడి గుండ్రటి తెలుగు అక్షరాల్లో. తన ఎదుగుదలకు అడ్డొచ్చేవాళ్లతో సంబంధాలు వదులుకుంటున్నాడట. ఫోన్ చేయవద్దట.

తను ఫోన్ చేసింది. "అసలేం మాట్లాడారు అన్నయ్యగారూ మీరు?"

"నువ్వెంత బెంగపెట్టుకున్నావో చెప్పానమ్మా. కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. వినలేదు."

నెలాఖరున నేనే వెళ్లి, అద్దెకు తెచ్చిన ట్రెయిలర్‌లో సామాను సర్దాను. నార్త్ కరోలినాలోని క్యారీ ఊరిదాకా రెండు రోజుల దారి, తనొక్కతే డ్రైవ్ చేసుకుంటూ పోవాలి. వాడి బట్టలు ఒక పెట్టెలో పెట్టి నాకప్పగించింది. కారెక్కబోతూ ఆగింది.

"ఇంతమంది ఇన్ని సలహాలు చెప్పారు. ఆయన కోసం వెళ్లింది మీరొక్కరే అన్నయ్యగారూ. మర్చిపోను."

నేను కాదనలేదు. తాడు ఇంకో ముడి బిగించి, హైవే మీద నెమ్మదిగా వెళ్లమ్మా అన్నాను.